వలస రాజ్యానికే వలస వెళ్లిన రాజుగారు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి, ఈ ఫ్యాన్ల చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు. మైకు ఇచ్చారు గానీ అది మధ్యమధ్యలో అలుగుతోంది.

లైబ్రరీవాళ్లు ఫోన్ చేసి "చరిత్ర మీద ఏదైనా మాట్లాడండి మాస్టారూ, రాయలవారూ కాకతీయులూ మాత్రం ఈసారికి వద్దు, అవి ఇక్కడ అందరికీ కంఠోపాఠం" అన్నారు. అందుకని ఈ సాయంత్రం మిమ్మల్ని బ్రెజిల్ తీసుకెళ్తాను. మరీ దూరం అనుకోకండి. మన పలాస జీడిపప్పు ఉందే, ఆ జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్, పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. ఇల్లు కట్టే మేస్త్రీ, బట్టలు పెట్టుకునే అలమారా, ఈ రెండు మాటలూ పోర్చుగీసు నుంచి వచ్చినవే. ఆ పోర్చుగల్‌కీ ఆ బ్రెజిల్‌కీ మధ్య ఆరేళ్ల ఎనిమిది నెలలు నడిచిన ఒక వింత కాపురం సంగతి చెప్తాను.

ముందు ఒక్కటి ఊహించుకోండి. 1940లో జర్మన్లు లండన్ మీదికి వస్తున్నారని ఇంగ్లండు రాజు పెళ్లాం పిల్లల్నీ, మంత్రుల్నీ, ఖజానానీ, కోర్టు గుమాస్తాల్నీ ఓడల్లో ఎక్కించుకుని వచ్చి కలకత్తాలో దిగాడనుకోండి. దిగి, "ఇకమీదట ఇంగ్లండుని కూడా ఇక్కణ్ణుంచే ఏలతాను" అన్నాడనుకోండి. జర్మన్లు పోయాక కూడా "అబ్బే, నాకు ఇక్కడే బావుంది" అని కూర్చుని, ఓ ఏడేళ్లకు "బ్రిటన్ ఇండియా సంయుక్త రాజ్యం" అని బోర్డు మార్చాడనుకోండి. నవ్వొస్తోంది కదా. మనకు జరగలేదు కాబట్టి నవ్వొస్తోంది. బ్రెజిల్‌కి అచ్చంగా ఇదే జరిగింది.

1807. నెపోలియన్ యూరప్ అంతా తొక్కుకుంటూ వస్తున్నాడు. ఇంగ్లండు సరుకు ఎవరూ కొనకూడదు, ఇంగ్లండు ఓడలకు ఎవరూ రేవు ఇవ్వకూడదు అని ఆయన హుకుం. పోర్చుగల్ చూస్తే ఇంగ్లండుకి తరతరాల స్నేహితుడు, దాని వ్యాపారమంతా సముద్రం మీద, ఆ సముద్రమేమో ఇంగ్లండు చేతిలో. నెపోలియన్ మాట వినకపోతే సైన్యం వస్తుంది, వింటే ఇంగ్లిషు నౌకాదళం వచ్చి లిస్బన్‌ని కాల్చేస్తుంది. ఊరికే బెదిరింపు కాదు, ఆ సెప్టెంబరులోనే డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ మీద గుళ్లు కురిపించి చూపించారు. మొత్తానికి అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి.

అప్పుడు పోర్చుగల్‌ని నడుపుతున్నది జువావ్ అనే యువరాజు. రాణి ఆయన తల్లి మరియా, కానీ ఆవిడకు మతి చలించి పదిహేనేళ్లయింది. జువావ్ గురించి చరిత్రలో వెక్కిరింతే ఎక్కువ. లావుగా ఉండేవాడు, ఉరుములకు భయపడేవాడు, జేబుల్లో వేయించిన కోడిముక్కలు పెట్టుకుని తిరిగేవాడు అని కథలు కథలుగా చెప్పుకుంటారు. నేనొకటి చెప్తాను. యూరప్‌లో ఎందరో రాజుల్ని నెపోలియన్ గద్దె దింపాడు, కొందర్ని బందీలు చేశాడు, కొందరి కుర్చీల్లో తన అన్నదమ్ముల్ని కూర్చోబెట్టాడు. ఈ కోడిముక్కలాయన మాత్రం చిక్కలేదు. నెలల తరబడి "అలాగే అలాగే, ఇదిగో రేవులు మూసేస్తున్నాం" అని నెపోలియన్‌కి కబుర్లు చెబుతూ, ఇంకోపక్క ఇంగ్లండుతో రహస్యంగా ఒప్పందం రాసుకుని, చివరి నిమిషంలో ఓడెక్కేశాడు. 1807 నవంబర్ 29న ఓడలు లిస్బన్ రేవు దాటాయి. ఫ్రెంచి సేనాని జునో 30న ఊళ్లోకి వచ్చాడు. ఒక్కరోజు తేడా.

ఆ బయల్దేరడం చూడాలి. వాన, మోకాటి లోతు బురద. రాణిగారిని బండిలో తీసుకెళ్తుంటే ఆవిడ బండివాడితో "అంత తోలకు, పారిపోతున్నామనుకుంటారు" అందట. అందరికీ మతి పోయిన రోజున ఆవిడ ఒక్కతే మతి ఉన్న మాట మాట్లాడింది. రాజకుటుంబంతోపాటు కొన్ని వేలమంది ఎక్కారు, పదిహేను వేలమంది అని కొందరంటారు, అంత లేదని ఇంకొందరంటారు, ఇప్పటికీ ఆ లెక్క తేలలేదు. తొక్కిసలాటలో చర్చిల వెండి సామాను రేవులోనే ఉండిపోయింది, దాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉండిపోయింది, పుస్తకాలు. రాజుగారి లైబ్రరీ మొత్తం పెట్టెలకెత్తి రేవుకి తెచ్చారు, ఎక్కించడం మర్చిపోయారు. పెట్టెలు వానలో తడుస్తూ అక్కడే ఉన్నాయి. సిబ్బంది తిట్టుకుంటూ వాటిని మళ్లీ బళ్లకెత్తి అజుదా ప్యాలెస్‌కి చేర్చారు. ఈ పెట్టెల్ని మీరు గుర్తుపెట్టుకోండి, లైబ్రరీలో కూర్చున్నాం కాబట్టి వీటి దగ్గరికి మళ్లీ రావాలి.

యాభై నాలుగు రోజుల సముద్రం. ఓడల్లో చాలినన్ని నీళ్లు లేవు, మారుబట్టలు లేవు, పేలు పట్టాయి. ఆడవాళ్లు తలలు గొరిగించుకుని గుడ్డలు చుట్టుకుని దిగితే, రియో ఆడవాళ్లు అది లిస్బన్ ఫ్యాషన్ అనుకుని తామూ తలపాగాలు చుట్టుకున్నారని ఒక కథ. నిజమో కాదో గానీ, దొరల పేలు కూడా ఫ్యాషనే అనుకోవడం వలస రాజ్యాల్లో నమ్మదగిన కథే.

1808 జనవరి 22న బ్రెజిల్ ఒడ్డున సాల్వదోర్ అనే పట్నంలో ఆగారు. ఆరు రోజుల తర్వాత, జనవరి 28న, జువావ్ ఒక కాయితం మీద సంతకం పెట్టాడు. బ్రెజిల్ రేవులు స్నేహ దేశాలన్నిటికీ తెరిచేస్తున్నాం అని. స్నేహ దేశాలు అంటే ఆ రోజున ఇంగ్లండు అని చదువుకోవాలి. మూడొందల ఏళ్లుగా బ్రెజిల్ పంచదార ఎక్కడికి పోవాలన్నా లిస్బన్ మీదుగా పోవాల్సిందే, బ్రెజిల్‌కి ఏ సరుకు రావాలన్నా లిస్బన్ వ్యాపారి చెయ్యి తడపాల్సిందే. ఆ కట్టడి ఒక్క సంతకంతో పోయింది. నన్నడిగితే బ్రెజిల్ స్వాతంత్ర్యం ఆ రోజే సగం వచ్చేసింది, మిగతా సగానికే పద్నాలుగేళ్లు పట్టింది.

అంతకు ముందు ఆ దేశం ఎలా ఉండేదో చెప్పకపోతే ఇదెంత పెద్ద సంగతో తెలీదు. అచ్చు యంత్రం లేదు. యూనివర్సిటీ లేదు, చదువుకోవాలంటే సముద్రం దాటి పోర్చుగల్‌లో ఉన్న కొయింబ్రా వెళ్లాలి. 1785లో ఇదే మరియా రాణి పేరు మీద ఒక ఆజ్ఞ వచ్చింది, బ్రెజిల్‌లో బట్ట నెయ్యకూడదు, బానిసలు కట్టుకోడానికీ మూటలు కట్టడానికీ పనికొచ్చే ముతక గుడ్డ తప్ప. మన నేతగాళ్ల కథ తెలిసినవాళ్లకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. జువావ్ వచ్చిన కొన్నాళ్లకే, 1808 ఏప్రిల్ 1న, ఆ ఆజ్ఞ రద్దయింది. మే నెలలో ప్రెస్సు, సెప్టెంబరులో పత్రిక, అక్టోబరులో బ్యాంక్ ఆఫ్ బ్రెజిల్. వైద్యం చదివే బడులు, బొటానికల్ గార్డెన్, తుపాకీమందు ఫ్యాక్టరీ. మూడొందల ఏళ్లు ఇవ్వనివన్నీ ఏడాదిలో ఇచ్చారు. జనం మీద ప్రేమతో కాదు సుమండీ. రాజుగారు దిగిన ఊరిలో ప్రెస్సు లేకపోతే ఆయన ఉత్తర్వులు ఎక్కడ అచ్చేస్తారు?

సాల్వదోర్ నుంచి వెళ్లి రాజుగారు కాపురం పెట్టిన రియో డి జనీరో అప్పటికి అటూ ఇటూగా అరవై వేలమంది ఉన్న ఊరు. ఒక్కసారిగా ఇంతమంది దొరలు వచ్చిపడితే ఇళ్లెక్కడివి? అధికారులు వచ్చి నచ్చిన ఇంటి తలుపు మీద రెండక్షరాలు రాసి వెళ్లేవారు, పీ, ఆర్. "ప్రిన్స్ రీజెంట్" అని, అంటే ఈ ఇల్లు యువరాజావారి పని మీద తీసుకున్నాం అని. ఊళ్లోవాళ్లు ఆ రెండక్షరాలకు తమ భాషలో ఇంకో అర్థం చెప్పుకున్నారు, "పొన్యసె న రువ", అంటే "వీధిలో పడు" అని. ఏ ఊరివాడైనా ప్రభుత్వాన్ని ఏమీ చెయ్యలేనప్పుడు ఇలాగే జోకేస్తాడు. రాజధాని వస్తోందంటే ముందు టెన్షన్ పడేది ఆ ఊళ్లో ఇల్లూ పొలమూ ఉన్నవాడేనని మీకు నేను చెప్పాలా! (నవ్వులు)

ఇంగ్లండు మాత్రం తన కూలి తాను గుంజుకుంది. 1810 ఒప్పందంలో ఇంగ్లిషు సరుకు మీద సుంకం 15 శాతం. మిగతా దేశాలకు 24. సొంత దేశం పోర్చుగల్ సరుకు మీద 16! చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను నేను. కాదు. తన రాజ్యంలో తన సరుకు మీద పరాయివాడి సరుకు కంటే ఒక శాతం ఎక్కువ. వేడికి ఉడికిపోయే రియోలో ఇంగ్లిషు వ్యాపారులు ఉన్ని దుప్పట్లూ మంచు మీద జారే స్కేట్లూ కూడా దింపారని చెప్పుకుంటారు.

ఇప్పుడు మన పుస్తకాల పెట్టెల దగ్గరికి వద్దాం. 1810, 1811లో మూడు విడతలుగా అవి అట్లాంటిక్ దాటాయి. మొత్తం అరవై వేలదాకా అంటారు, పుస్తకాలు, రాతప్రతులు, పటాలు, బొమ్మలు అన్నీ కలిపి. రెండో విడత పెట్టెలకు కాపలాగా వచ్చినవాడు లూయిస్ జొవాకిం దోస్ శాంతోస్ మర్రోకోస్. ముప్పై ఏళ్ల లైబ్రరీ ఉద్యోగి. తండ్రి కూడా అజుదాలో అదే ఉద్యోగం. ఈ కథలో నాకు రాజుగారికంటే ఈయన ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఈయన ఉత్తరాలు మిగిలాయి. రియో నుంచి లిస్బన్‌లో ఉన్న తండ్రికీ ఇంట్లోవాళ్లకూ పదేళ్లపాటు రాసినవి, నూట ఎనభై పైచిలుకు.

మొదటి ఏళ్ల ఉత్తరాలు చదివితే, అబ్బో, ఒకటే ఏడుపు. ఓడలో నీళ్లు కంపు. ఊరు మురికి. వేడి భరించలేం. ముక్కులోంచి రక్తం, మొలలు, రోజుకో రోగం. మనుషులు అహంకారులు, సోమరులు, ఇక్కడి ఆడవాళ్లు లిస్బన్ ఆడవాళ్ల కాలిగోటికి పోలరు. ఇలా ఉంటుందని తెలిస్తే వచ్చేవాణ్నే కాదని ఒకటే గొడవ. మన పిల్లలు అమెరికా వెళ్లిన కొత్తలో ఫోన్లు చేస్తారే, ఆ ఫోన్లు గుర్తొచ్చాయి నాకు. తేడా ఒకటుంది. ఈయన వెళ్లింది దొరగా. దేశాన్ని తిడుతూనే అక్కడ ఒక బానిసను కొనుక్కున్నాడు, ఆ సంగతీ తండ్రికి రాశాడు, మనం కొత్త ఫ్రిజ్ కొన్నామని రాసినట్టు.

తర్వాత ఏమైంది? 1814లో రియోలో పుట్టి పెరిగిన అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. ఉత్తరాల్లో తిట్లు తగ్గాయి. కొన్నాళ్లకు తండ్రినీ ఇంట్లోవాళ్లనూ "మీరే ఇక్కడికి వచ్చెయ్యండి" అని బతిమాలుతున్నాడు! ఆ ఉత్తరాలు వరసగా చదువుతుంటే బ్రెజిల్‌లో ఏం జరుగుతోందో ఏ రాజశాసనం కంటే స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ దిగిన దొరలు వేళ్లు దింపుతున్నారు. భూములు కొంటున్నారు, వ్యాపారాల్లో దిగుతున్నారు, వియ్యమందుతున్నారు.

ఈలోపు నెపోలియన్ పని అయిపోయింది. 1814, 15లో వియన్నాలో యూరప్ రాజులంతా కూర్చుని పంచాయితీ పెట్టారు. అందులో పోర్చుగల్ ప్రతినిధులకు ఒక చిక్కు వచ్చింది. మీ రాజు ఉన్నది ఎక్కడ? వలసలో. వలసలో కూర్చుని యూరప్ రాజ్యాన్ని ఏలే ఆయన్ని ఏమని పిలవాలి? చాలామంది "ఇంక ఇంటికి రమ్మనండి" అనే ఉద్దేశంలో ఉన్నారు. అప్పుడు ఫ్రాన్సు తరఫున వచ్చిన టాలీరాండ్, ఆయనెలాంటి గుంటనక్కో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు, "బ్రెజిల్‌ని కూడా రాజ్యం అని ప్రకటించెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అని సలహా ఇచ్చాడు. అమెరికా ఖండంలో చుట్టూ స్పెయిన్ వలసలు రిపబ్లిక్ రిపబ్లిక్ అని తిరగబడుతుంటే, అక్కడొక రాజరికం నిలబడితే మంచిదని ఆయన లెక్క.

అలా 1815 డిసెంబర్ 16న "పోర్చుగల్, బ్రెజిల్, అల్గార్వేల సంయుక్త రాజ్యం" పుట్టింది. మూడు పేర్లున్నాయి కదా అని మూడు రాజ్యాలనుకునేరు. అల్గార్వే అంటే పోర్చుగల్ దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న ఓ చిన్న ప్రాంతం. ఎప్పుడో అరబ్బుల దగ్గర గెలుచుకున్నారు కాబట్టి రాజ్యం అనే బిరుదు మిగిలింది, దానికంటూ ప్రభుత్వం ఏమీ లేదు. ఆటలో అరటిపండు. అసలు ఆట ఇద్దరిదే. జెండా మీద నీలం రంగు, బంగారు గోళం, దాని మీద పోర్చుగల్ డాలు. బొమ్మ చక్కగానే ఉంది.

ఇంతకీ ఎవరెవరు ఏకమయ్యారు?

ఉత్తరాన పెర్నంబూకో అని పంచదార పండే ప్రాంతం ఉంది, దాని పట్నం రెసీఫె. అప్పట్లో అక్కడ చెరుకు సాగు చేసిన కోస్టర్ అనే ఇంగ్లిషాయన ఒక సంగతి రాసిపెట్టాడు. రియో వీధిదీపాల ఖర్చుకని పెర్నంబూకోలో ఒక పన్ను వసూలు చేసేవారట, రెసీఫె వీధుల్లో మాత్రం కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఇంక చెప్పేదేముంది. వాళ్ల దృష్టిలో లిస్బన్ పోయి రియో వచ్చింది, అంతే. 1817 మార్చిలో తిరగబడి రిపబ్లిక్ ప్రకటించారు. రెండున్నర నెలల్లో రాజు సైన్యం అణిచేసింది, నాయకుల్ని చంపింది. సంయుక్త రాజ్యానికి అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు.

ఇంకొకళ్లున్నారు, వాళ్లను ఏ రాజ్యంలోనూ లెక్క వెయ్యలేదు. రియోలో వలోంగో అనే చోట 1811లో ఒక రాతి రేవు కట్టారు, ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని దింపడానికి. ఆ ఒక్క రేవులోనే తొమ్మిది లక్షలమందిదాకా దిగారని అంచనా. రాజధాని పెరిగేకొద్దీ, కాఫీ తోటలు పెరిగేకొద్దీ ఆ ఓడలూ పెరిగాయి. రాజుగారు కాపురమున్న బంగళా కూడా ఒక బానిసల వ్యాపారి కానుకగా ఇచ్చినదే, ఎలియాస్ లోపెస్ అని. తర్వాత 1843లో ఎవరో రాణిగారు దిగబోతున్నారని ఆ వలోంగో రాళ్ల మీద కొత్త రాళ్లు పరిచి మూసేశారు. 2011లో ఒలింపిక్స్ కోసం రేవు బాగుచేస్తూ తవ్వితే మళ్లీ బయటపడ్డాయి. రెండు నేలలూ ఒకదాని మీద ఒకటి, పైన రాణిగారి కోసం పేర్చిన చదును రాళ్లు, కింద బానిసలు నడిచిన గరుకు రాళ్లు. ఇప్పుడది యునెస్కో వారసత్వ స్థలం. ఆ రాజ్యానికి ఒక్క ఫొటో చూపించమంటే నేను జెండా చూపించను, ఇది చూపిస్తాను.

సరే, పోర్చుగల్ సంగతి. పాపం వాళ్లు మూడుసార్లు ఫ్రెంచి దండయాత్రలు పడ్డారు, ఊళ్లు తగలబడ్డాయి. ఫ్రెంచివాళ్లు పోయాక కూడా రాజు రాలేదు. సైన్యానికి పెద్ద ఎవరంటే బెరెస్‌ఫోర్డ్ అనే ఇంగ్లిషాయన. బ్రెజిల్ వ్యాపారం చేజారి లిస్బన్, పోర్టో వర్తకులు దివాలా తీశారు. 1817లో కుట్ర చేశారని గోమెస్ ఫ్రేర్ అనే సేనానితో సహా పన్నెండుమందిని చంపించారు. జనానికి అర్థమైనదేంటంటే, మనం ఇప్పుడు బ్రెజిల్‌కి వలస. ఆ మాట వాళ్లు ఊరికే అనుకోలేదు, 1820లో అచ్చేసిన ప్రకటనలోనే మేం వలస స్థితికి దిగజారిపోయాం అని రాసుకున్నారు. అత్త ఒకనాటి కోడలే అంటారు. ఇక్కడ తిరగబడింది, అత్తే కోడలైపోయింది.

1820 ఆగస్టు 24న పోర్టోలో తిరుగుబాటు. రాజ్యాంగం కావాలి, రాజు తిరిగి రావాలి. విచిత్రం చూడండి, వాళ్లు ఉదారవాదులు, స్వేచ్ఛ, హక్కులు, పార్లమెంటు అన్నీ కోరుకున్నవాళ్లు. తమకు. బ్రెజిల్ దగ్గరికి వచ్చేసరికి పాత దొరలకంటే కఠినంగా ఉన్నారు. మంచివాడి చేతిలోకి అధికారం వస్తే పక్కవాడికి కూడా మంచి జరుగుతుందనుకోవడం మన అమాయకత్వం.

జువావ్‌కి, అప్పటికి తల్లి పోయి ఆరో జువావ్‌గా పట్టాభిషేకం అయింది, వెళ్లాలని లేదు. భార్య కార్లోతాకి మాత్రం ఎప్పుడెప్పుడా అని. బ్రెజిల్ దుమ్ము కూడా నాకొద్దని ఓడలో చెప్పులు దులిపిందని చెప్పుకుంటారు. వెళ్లేముందు ఏప్రిల్ 21 రాత్రి రియో వర్తక భవనంలో జనం సభ పెట్టి, రాజుగారు రాజ్యాంగానికి ఒప్పుకోవాలి, ఖజానా ఎత్తుకెళ్లకూడదు అని పట్టుబట్టారు. సైన్యం వచ్చి కాల్చింది. తెల్లారేసరికి ఆ భవనం గోడ మీద ఎవరో రాశారు, "బ్రగాంజాల కసాయి దుకాణం" అని. బ్రగాంజా అంటే రాజుగారి వంశం. 1821 ఏప్రిల్ 26న ఓడలు కదిలాయి. నాలుగు వేలమందిదాకా వెళ్లారు, బ్యాంక్ ఆఫ్ బ్రెజిల్ బీరువాలు ఖాళీ. ఇరవై రెండేళ్ల కొడుకు పెద్రోని అక్కడ వదిలి వెళ్తూ, బ్రెజిల్ ఎలాగూ విడిపోయేటట్టుంటే ఎవడో తెలియనివాడి చేతిలో కంటే నీ చేతిలో పడడమే మేలు అన్న అర్థం వచ్చేలా చెప్పి వెళ్లాడని పెద్రోయే తర్వాత ఉత్తరంలో గుర్తుచేశాడు. కోడిముక్కలాయన మళ్లీ అందరికంటే ముందే చూశాడు.

లిస్బన్ పార్లమెంటులో బ్రెజిల్‌కి సీట్లిచ్చారు, ఇవ్వలేదని కాదు. కానీ ప్రయాణమే రెండు మూడు నెలలు. బ్రెజిల్ ప్రతినిధులు ఒక్కొక్కరే చేరుకునేసరికి ముఖ్యమైనవన్నీ తీర్మానించేసి ఉన్నారు. చివరికి వెళ్లి కూర్చున్నది యాభైమందికి లోపే. మన గోవాకి కూడా సీట్లొచ్చాయి, ముగ్గురిని ఎన్నుకున్నారు, అందులో ఇద్దరు గోవావాళ్లే, బెర్నార్దో పెరెస్ ద సిల్వా, కొన్‌స్టాన్సియో రోక్ ద కోస్తా. మన దేశంలో మిగతా చోట్ల కంపెనీవాళ్లు పాలిస్తున్న రోజుల్లో ఒక యూరప్ పార్లమెంటుకు ఇక్కణ్ణుంచి ఓటేసి పంపించారన్నమాట. మనం పెద్దగా చెప్పుకోం దాన్ని.

పార్లమెంటు చేసిన తీర్మానాలేంటి? రియోలో పెట్టిన పెద్ద కోర్టులూ ఆఫీసులూ ఎత్తెయ్యాలి. రాష్ట్రాలన్నీ రియోతో సంబంధం లేకుండా నేరుగా లిస్బన్‌కే జవాబు చెప్పాలి. పెద్రో ఇంటికి వచ్చెయ్యాలి, చదువు పూర్తి చేసుకోవాలి. సభలో అతన్ని "కుర్రాడు" అని ఎగతాళి చేశారు. ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో సంయుక్త రాజ్యం చచ్చింది ఇక్కడే. వలసగానే ఉండి ఉంటే బ్రెజిల్ ఇంకొన్నాళ్లు వలసగానే ఉండేదేమో, ఎవరు చెప్పగలరు. కానీ పదమూడేళ్లు రాజధాని అయ్యాక, ప్రెస్సూ బ్యాంకూ కోర్టూ చూశాక, ఇంగ్లండుతో నేరుగా బేరాలాడాక, "ఇంక చాల్లే, పాత పాకలోకి పదండి" అంటే ఎవడు వెళ్తాడు? ఉద్యోగాలు పోయేది ఎవరికి? మన మర్రోకోస్ లాంటివాళ్లకు. వాళ్లు పుట్టింది పోర్చుగల్‌లోనే, కానీ ఇల్లూ వాకిలీ జీతమూ రియోలో.

1822 జనవరి 9న పెద్రో "నేనిక్కడే ఉంటున్నాను" అన్నాడు. సెప్టెంబర్ 7న సావ్ పాలో దగ్గర ఇపిరంగా అనే వాగు పక్కన లిస్బన్ నుంచి వచ్చిన కొత్త ఆజ్ఞలూ, భార్య లియోపోల్దినా, మంత్రి బోనిఫాసియో రాసిన ఉత్తరాలూ అందాయి. చదివి స్వాతంత్ర్యం ప్రకటించాడు. తర్వాత వేసిన బొమ్మల్లో తెల్లగుర్రం, ఎత్తిన కత్తి ఉంటాయి. నిజానికి ఆయన ఎక్కింది కంచరగాడిద, పైగా ఆ రోజు కడుపు పాడై దారి పొడవునా దిగుతూ ఎక్కుతూ ఉన్నాడు. (నవ్వులు) నవ్వకండి, కడుపు నొప్పితో కూడా అంత మాటన్నాడంటే మెచ్చుకోవాలి.

శాంతంగా విడిపోయారు అని పుస్తకాల్లో ఉంటుంది. సాల్వదోర్ ఉన్న ప్రాంతం బాహియా, ఆ బాహియావాళ్ల ముందు ఆ మాట అనకండి. అక్కడ పోర్చుగీసు సైనికులు కాన్వెంటు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డ జోవానా అంజెలికా అనే సన్యాసినిని బాయొనెట్‌తో పొడిచారు. మరియా కిటేరియా అనే రైతుబిడ్డ మగవేషం వేసుకుని సైన్యంలో చేరి పోరాడింది. 1823 జూలై 2న చివరి పోర్చుగీసు ఓడలు సాల్వదోర్ వదిలాయి. బాహియాలో ఇప్పటికీ అసలు పండగ ఆ జూలై 2నే.

పోర్చుగల్ ఒప్పుకోవడానికి 1825 దాకా పట్టింది. ఆ ఒప్పందం కూడా చూడదగ్గది. పోర్చుగల్ తరఫున సంతకం పెట్టింది ఒక ఇంగ్లిషాయన, చార్లెస్ స్టువర్ట్. బ్రెజిల్ ఇరవై లక్షల పౌన్లు ఇవ్వాలి. అందులో పద్నాలుగు లక్షలు ఏమిటంటే, 1823లో పోర్చుగల్ లండన్‌లో చేసిన అప్పు, అది ఇకమీదట బ్రెజిల్ తీర్చాలి. బ్రెజిల్ దగ్గర డబ్బెక్కడిది, అదీ లండన్‌లోనే అప్పు. తిరిగి తిరిగి అన్ని కాయితాలూ లండన్ బ్యాంకులకే చేరాయి. పైగా ముసలి జువావ్‌కి "బ్రెజిల్ చక్రవర్తి" అనే బిరుదు గౌరవంగా ఇవ్వాలట. ఇచ్చారు. ఆరు నెలల్లో పోయాడు.

పెద్రో కథ ఇంకా చాలా ఉంది, మళ్లీ ఎప్పుడైనా. 1831లో బ్రెజిల్ గద్దె వదిలి, పోర్చుగల్ వెళ్లి, సొంత తమ్ముడితో యుద్ధం చేసి గెలిచి, 1834లో ముప్పై ఐదేళ్లకే పోయాడు. ఆయన గుండె పోర్టోలో ఒక చర్చిలో గాజు పాత్రలో ఉంది, అస్థికలు సావ్ పాలోలో, ఆ ఇపిరంగా దగ్గరే. 2022లో స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్లని ఆ గుండెను విమానంలో బ్రెజిల్ తీసుకెళ్లి, సైనిక వందనంతో దింపి, మూడు వారాలుంచుకుని మళ్లీ జాగ్రత్తగా పంపించేశారు.

టైమైపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. పెట్టెల సంగతి చెప్పి దిగిపోతాను. జువావ్ వెళ్తూ వెళ్తూ కొన్ని రాతప్రతులు పట్టుకెళ్లాడు. మిగతా లైబ్రరీ రియోలోనే ఉండిపోయింది, దానికి విలువ కట్టి బ్రెజిల్ డబ్బు చెల్లించింది. ఇప్పుడదే బ్రెజిల్ జాతీయ గ్రంథాలయం. 1462లో మైంజ్‌లో అచ్చయిన బైబిల్ ప్రతులు రెండున్నాయి అందులో.

మర్రోకోస్ కూడా వెళ్లలేదు. ఇంటికి రాసే ఉత్తరాలు 1821తో ఆగిపోయాయి. కొత్త దేశంలో ప్రభుత్వోద్యోగిగా ఉండి, 1838లో, అంతగా తిట్టిన ఆ రియోలోనే చనిపోయాడు. 1824 మార్చి 25న పెద్రో బ్రెజిల్‌కి మొదటి రాజ్యాంగం ఇచ్చాడు. నూట డెబ్భై తొమ్మిది అధికరణాలు, బానిసత్వం గురించి ఒక్కటీ లేదు. ఆ కాయితం చివర చక్రవర్తి సంతకం, మంత్రి సంతకం, వాటి కిందికి వస్తే, అప్పటి పద్ధతి ప్రకారం, దాన్ని రాసిన గుమాస్తా పేరు ఉంటుంది. "లూయిస్ జొవాకిం దోస్ శాంతోస్ మర్రోకోస్ రాశాడు" అని ఉంది అక్కడ.

ఉంటానండి. నమస్కారం.